రెండో పేజీ లేని పిల్ల

నాకు పదిహేను దాటి పదహారు ఇంకా రాని ఆ రోజుల్లో, సన్నీవేల్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో కాగితాలకు దక్కే మర్యాద మనుషులకు దక్కేది కాదు. నాన్న ప్రతి కాగితాన్నీ ప్లాస్టిక్ కవర్లో, ఆ కవరుని ఫైల్లో, ఆ ఫైలుని బ్రీఫ్‌కేసులో పెట్టి, బ్రీఫ్‌కేసుని తీసుకెళ్లి బీరువాలో అమ్మ పట్టుచీరల మీద పెట్టేవారు. (చీరలు నలిగిపోతున్నాయని అమ్మ గొడవ చేస్తే, "చీర ఇంకోటి కొనుక్కోవచ్చు" అనేవారు.) సగం వయసు వీసా కోసం, మిగతా సగం గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తూ గడిపిన మనిషి ఆయన. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు. ఇంటికి కొత్తగా ఇండియా నుంచి ఎవరొచ్చినా అమ్మ "భోంచేశారా?" అని అడిగేది, నాన్న "ఒరిజినల్స్ ఎక్కడ పెట్టారు?" అని అడిగేవారు.

ఆ ఏడు అనకాపల్లి నుంచి మా నాయనమ్మ ఆర్నెల్లుండడానికి వచ్చింది. మా తాతయ్య విశాఖ పోర్టులో గుమస్తాగా చేసి రిటైరై, కొన్నాళ్లకు పోయారు. కాపురం కొత్తలో నాయనమ్మ రోజూ క్యారేజీ పట్టుకుని పోర్టు గేటు దాకా వెళ్లేదట. గేటు దగ్గర మనిషి క్యారేజీ లోపలికి పంపేవాడు, ఈవిణ్ణి మాత్రం "పాస్ ఉందామ్మా?" అని అడిగేవాడు. ఉండేది కాదు. గోడ మీద నుంచి కనిపించే ఓడ పైభాగాలు చూసుకుని వెనక్కి వచ్చేసేది. ఓ రోజు టీవీలో ఓడ కనిపిస్తే ఈ సంగతి చెప్పి, "అన్నేళ్లు పోర్టోడి పెళ్లాన్ని, ఒక్క ఓడా ఎక్కలేదురా" అని నవ్వింది. నాన్న నవ్వలేదు. ఆ వారంలోనే, దక్షిణ కాలిఫోర్నియా రేవులో బయల్దేరి మెక్సికో చూపించి నాలుగు రోజుల్లో మళ్లీ అదే రేవులో దింపే ఓడలో మా నలుగురికీ టికెట్లు బుక్ చేశారు. నాయనమ్మ ఇండియా వెళ్లిపోవడానికి అప్పటికి కాస్త వ్యవధే మిగిలింది. ఈ ఓడ తప్పితే ఇంకో ఓడ లేదన్నమాట.

అప్పుడు నా పాస్‌పోర్ట్ సంగతి బయటికొచ్చింది. అది ఎక్స్‌పైర్ అయిపోయి ఉంది. పదహారు లోపు పిల్లలకి ఐదేళ్లదే ఇస్తారు, పదహారు నిండితే పదేళ్లది ఇస్తారు, కాబట్టి ఈ కొద్ది నెలలూ ఆగితే మంచిదని నాన్న ఎప్పుడో లెక్క వేసి పెట్టుకున్నారు. ఓడ కంపెనీ వాళ్ల నిబంధనలు ఆయన భోజనాల దగ్గర పైకి చదివారు. ఒకే రేవు నుంచి వెళ్లి ఆ రేవుకే తిరిగొచ్చే ఓడలో అమెరికా పౌరులకు పాస్‌పోర్ట్ అక్కర్లేదు, నా వయసు పిల్లలకైతే బర్త్ సర్టిఫికెట్ ఒక్కటి చాలు. అమెరికా పౌరులు కానివాళ్లకి మాత్రం పాస్‌పోర్టులు, వీసాలు, కార్డులు అన్నీ కావాలి. "చూశావా, నువ్విక్కడ పుట్టినందుకు ఎంత సుఖమో" అన్నారు నాతో. నాయనమ్మ కోసం లావుపాటి ఫైలు తయారైంది. అందులో ఆవిడ పాస్‌పోర్టు, వీసా, తిరుగు టికెట్, మా ఇంటి కరెంటు బిల్లు, తాతయ్య పెన్షన్ ఆర్డరు ఉన్నాయి. (పెన్షన్ ఆర్డరు ఎందుకని అమ్మ అడిగింది. "అడిగితే?" అన్నారు నాన్న.) నా కోసం ఒకే ఒక్క కాగితం.

ఆ కాగితం గురించి కొంచెం చెప్పాలి. నేను పుట్టినప్పుడు హాస్పిటల్లో ఒకావిడ వచ్చి పాప పేరేమిటని అడిగింది. పేరు ఇండియా నుంచి రావాలని నాన్న జవాబు చెప్పారు. అనకాపల్లిలో నాయనమ్మ సిద్ధాంతి గారితో మాట్లాడి, బారసాలనాటికి ఖాయం చేసి ఫోన్‌లో చెప్పాలి. హాస్పిటల్ ఆవిడ అంతకాలం ఆగే మనిషిలా కనిపించలేదట. పేరుండాల్సిన చోట "బేబీ గర్ల్" అని రాసి, పక్కన మా ఇంటిపేరు పెట్టి పంపేసింది. తర్వాత ఇండియా నుంచి పేరు వచ్చింది: నాగ వెంకట కనకమహాలక్ష్మి. మా తాతయ్య తల్లి పేరు. నాన్న మళ్లీ అఫిడవిట్లు పెట్టి ఆ పేరు చేర్పించారు. అయితే వాళ్లు పాత పేజీని ముట్టుకోకుండా, పేరు మార్చినట్టు చెప్పే రెండో పేజీ ఒకటి దానికి పిన్ను కొట్టి ఇచ్చారు. సరిగ్గా ఇక్కడే పోర్టు గుమస్తా గారి పెంపకం అడ్డొచ్చింది. కొట్టివేతా దిద్దుబాటూ ఉన్న కాగితం ఆఫీసరు ముందు పెట్టకూడదని తాతయ్య మా నాన్నకి చిన్నప్పుడే నూరిపోశారట. అందుకని నాన్న పిన్ను ఊడదీసి, దిద్దుబాటు పేజీని బ్యాంకు లాకర్లో భద్రం చేసి, మచ్చ లేని మొదటి పేజీని మాత్రం పట్టుకొచ్చారు. అందులో నా పేరు లేదని ఆయనకి తెలియక కాదు. పిల్ల పుట్టిందని కాగితం చెబుతుంది, పేరు కన్నవాళ్లు చెబుతారు, ఇంకేం కావాలని ఆయన ధీమా.

ఇంత జరుగుతుంటే నా ఆలోచనలు వేరే ఉన్నాయి. స్కూల్లో కొత్త టీచర్ ఎవరొచ్చినా హాజరు పిలుస్తూ నా దగ్గరికి రాగానే ఆగి, నీళ్లు తాగి, "ఐయామ్ సో సారీ" అనేవారు. అక్కడ నేను "కే" అయిపోయాను. ఓడలో ఆ "కే" కూడా వద్దనుకున్నాను. ఎవరికీ తెలియని నీళ్ల మీద ఆ నాలుగు రోజులూ నా పేరు మియా. అద్దం ముందు నిలబడి, జుట్టు వెనక్కి తోసుకుని, "హాయ్, ఐయామ్ మియా" అని ప్రాక్టీస్ కూడా చేశాను.

రేవులో మా వంతు వచ్చింది. నాన్న ముందుగా నాయనమ్మ ఫైలు తీసి, గుండెలకి హత్తుకుని నిలబడ్డారు. కౌంటరావిడ ఫైల్లోంచి పాస్‌పోర్టు ఒక్కటే తీసుకుని, వీసా చూసి, నాయనమ్మ ఫొటో తీసి, ఓడ కార్డు చేతికిచ్చి "ఎంజాయ్" అంది. పెన్షన్ ఆర్డరు కనీసం తిప్పి చూడలేదు. నాన్న కొంచెం నొచ్చుకున్నారు. తర్వాత అమ్మ, తర్వాత నాన్న. ఆఖరున నేను.

ఆవిడ నా కాగితం చూసింది, స్క్రీన్ చూసింది, మళ్లీ కాగితం చూసింది. "బుకింగ్‌లో ఉన్న పేరు ఇందులో లేదే?"

"షీ ఈజ్ ద బేబీ గర్ల్" అన్నారు నాన్న, నన్ను ముందుకు తోస్తూ.

నేను అప్పటికి ఆయన భుజం దాటి పెరిగి ఉన్నాను. ఆవిడ నన్ను కింద నుంచి పైకి చూసి, "నీ పేరేంటి స్వీటీ?" అని మెల్లగా అడిగింది. నేను ఎన్నాళ్లుగానో ప్రాక్టీస్ చేసిన మాట, జుట్టు వెనక్కి తోసుకోవడంతో సహా, దానంతటదే వచ్చేసింది.

"మియా."

కౌంటరావిడ ఫోన్ అందుకుని సూపర్‌వైజర్‌ని పిలిచింది.

"మియా ఎవులే?" అంది నాయనమ్మ.

సూపర్‌వైజర్ వచ్చేలోగా నాన్న రెండో పేజీ చరిత్ర అంతా సిద్ధాంతి గారి దగ్గర మొదలుపెట్టి చెప్పారు. ఆ పేజీ ఎవరైనా ఫ్యాక్స్ చేయగలరా అని వాళ్లు అడిగారు. బ్యాంకు మూసేసి ఉంది, లాకరు తాళం నాన్న జేబులో ఉంది, గడువు తీరిన నా పాస్‌పోర్టూ ఆ లాకర్లోనే ఉంది, సన్నీవేల్ పొద్దుటే దాటొచ్చాం. సూపర్‌వైజర్ తాపీగా ఆలోచించాడు. పుట్టిన తేదీ సరిపోయింది, తల్లిదండ్రుల పేర్లు సరిపోయాయి, ఆ తల్లిదండ్రులు ఎదురుగా ఉన్నారు. "కాగితంలో పేరు నేను మార్చలేను. ప్రయాణికుల జాబితాలో పేరు మార్చగలను. కాగితంలో ఎలా ఉంటే అలా. అది మీకు సమ్మతమేనా?" అన్నాడు.

అంటే నాలుగు రోజులూ నేను అధికారికంగా బేబీ గర్ల్‌ని. నా వెనక లైన్లో నా వయసు పిల్లలు ఒక గుంపు ఉన్నారు, వాళ్లు అంతా వింటున్నారు. "నో వే" అన్నాను తెలుగూ ఇంగ్లిషూ కాని ఒక గొంతుతో. అమ్మ నన్నూ నాన్ననీ మార్చి మార్చి చూసింది.

"ఏటంటన్నాడురా ఆయన?" అని నాయనమ్మ నాన్నని అడిగింది. నాన్న రెండు ముక్కల్లో చెప్పారు. ఆవిడ చేతిలో ఉన్న ఓడ కార్డుని ఓసారి చూసుకుని, కౌంటర్ మీద జాగ్రత్తగా పెట్టేసింది. "పిల్లకి పాస్ లేదంటే నానూ ఎక్కనురా. దాన్నొగ్గేసి ఓడేటి నాకు? ఎల్లిపోదాం పదండి." కోపంగా అనలేదు. గేటు దగ్గర వెనక్కి తిరగడం అలవాటున్న మనిషిలా అంది.

కిటికీ అద్దంలోంచి ఓడ కనిపిస్తోంది. ఆవిడ దాన్నే చూస్తోంది.

"ఓకే నాన్నా" అన్నాను. "బేబీ గర్ల్ పెట్టమను. ఇట్స్ ఫైన్. నాయనమ్మ షిప్ ఎక్కాలి."

ఓడ వాళ్లు పని చేస్తే ఎంత శ్రద్ధగా చేస్తారో ఆ సాయంత్రం తెలిసింది. మా గదిలో రెండు మంచాల మధ్య ఒక ఉయ్యాల తొట్టి వేసి ఉంది. అందులో తువ్వాలుతో చేసిన కుందేలు, దాని ఒళ్లో "వెల్‌కమ్ బేబీ" అన్న చీటీ. ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే డ్రిల్‌లో చొక్కాకి తెల్ల బటన్లున్న ఒకాయన నా ఓడ కార్డు చూసి, "బేబీ గర్ల్" అని వినయంగా పిలిచాడు. నేను "ప్రెజెంట్" అన్నాను. నా కోసం సిద్ధం చేసిన చంటిపిల్లల లైఫ్ జాకెట్ నాకు మోచేతి దాకానే ఎక్కింది. డైనింగ్ హాల్లో వెయిటర్ కుర్చీ లాగి "గుడ్ ఈవినింగ్ మిస్ బేబీ" అని, అమ్మ వైపు వంగి, కూరగాయలు మెత్తగా ఉడికించమంటారా అని అడిగాడు. మియా అన్న పిల్ల ఓడ ఎక్కినట్టు ఎవరికీ తెలియదు.

నాయనమ్మకి మాత్రం ఇందులో వింతేమీ కనిపించలేదు. "మా వీధిలో ముగ్గురు బేబీలున్నారు. ఒకావిడకి డెబ్బై దాటేయి. పేరుకేటి తక్కువే?" అంది. ఆ మాట ఆవిడ ఓదార్చడానికి అనలేదు, ఉన్నది చెప్పింది. ఆ నాలుగు రోజులూ ఆవిడ పొద్దున్నే లేచి, చీర కొంగు నడుముకి దోపి, రెయిలింగ్ పట్టుకుని నిలబడేది. ఎవరైనా యూనిఫారం వాళ్లు ఎదురొస్తే మెడలో తాడుకి వేలాడుతున్న ఓడ కార్డు తీసి చూపించేది. ఎవరూ అడగలేదు. అయినా చూపించేది. (వాళ్లు కూడా ఆగి, చూసి, తల ఊపి వెళ్లేవారు. ఆ ఓడలో నాకు నచ్చిన విషయం అదొక్కటే.)

తిరిగొచ్చిన రోజు రేవులో ఇమిగ్రేషన్ ఆఫీసరు నా కాగితం తీసుకుని కనుబొమలు పైకెత్తాడు. "బేబీ గర్ల్. మరి నిన్ను ఇంట్లో ఏమని పిలుస్తారు?" అని అడిగాడు.

"కే" అందామని నోరు తెరిచాను. పక్కన నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, కానీ పేరు అడిగారని తెలుస్తుంది. "నాగ వెంకట కనకమహాలక్ష్మి" అన్నాను. ఒక్క అక్షరం మింగలేదు.

"మళ్లీ చెప్పు." చెప్పాను. అతను ప్రయత్నించాడు. "కనకా... మహా..." దగ్గర ఇరుక్కుపోయాడు.

"లచ్చిమి, బాబూ. లచ్చిమి" అంది నాయనమ్మ కౌంటర్ మీద వేలితో తడుతూ.

అతను బుద్ధిగా "లచ్చిమి" అని, నవ్వి, "వెల్‌కమ్ హోమ్" అన్నాడు.

కారు దగ్గరికి నడుస్తుంటే నాయనమ్మ నా చెయ్యి వదల్లేదు. కొంతదూరం వచ్చాక, "అంత పేరూ నీకొచ్చునేటే?" అంది. "ఈ దేశంలో నీకు నోరు తిరగని పేరెట్టీసేనేమో అనుకుంటన్నాను ఇన్నాళ్లూ." నాకు ఏడుపొచ్చేసింది. ఎండ కళ్లలో పడిందని చెప్పాను, ఆ రోజు మబ్బుగా ఉంది.

నాన్న ఇల్లు చేరాక చేసిన మొదటి పని లాకర్లోంచి రెండో పేజీ తెచ్చి, ఆ రెండు పేజీలనీ కలిపి అంచు పొడవునా పిన్నులు కొట్టడం. ఇప్పుడు వాటిని విడదీయాలంటే కాగితం చిరగాల్సిందే. నాయనమ్మ అనకాపల్లి వెళ్లి, ఓడ కార్డుని గోడ మీద తాతయ్య ఫొటో ఫ్రేము మూలన దోపిందట. "నాకూ పాసుందని ఆయనకి తెలియాలి కదా" అందని అక్కడే ఉండే మా మేనత్త ఫోన్‌లో చెప్పింది. ఆవిడ పోయి చాలా ఏళ్లయినా ఆ కార్డుని ఎవరూ అక్కడి నుంచి తీయలేదు.

నేను ఇప్పుడు శాంటా క్లారాలో ఉద్యోగం చేస్తున్నాను. పొద్దున్నే కాఫీ కొట్లో కప్పు మీద రాయడానికి పేరు అడుగుతారు. నా ముందున్న తెలుగువాళ్లు "సామ్", "నిక్కీ" అని చెప్పి జరిగిపోతారు. నేను కనకమహాలక్ష్మి అని పూర్తిగా చెప్పి, వాళ్లు కప్పు చుట్టూ తిప్పుతూ రాసేదాకా ఆగుతాను. వెనక లైన్లో జనం నిట్టూరుస్తారు. మరీ మీటింగ్‌కి ఆలస్యమవుతున్న రోజున మాత్రం "బేబీ" అంటాను. అదీ ప్రభుత్వం వారు ముద్ర వేసి ఇచ్చిన పేరే. ఆ పేరు పిలిచినప్పుడల్లా, జుట్టు వెనక్కి తోసుకుని మియా కావాలనుకున్న ఆ పొడుగుపాటి పిల్ల కౌంటర్ దగ్గరికి వెళ్లి, కాఫీ తీసుకుని, మెడలో లేని కార్డు కోసం ఓసారి తడుముకుంటుంది.