విల్ఫ్ చూడని చీటీ

విల్ఫ్ హేగ్ ఆర్న్‌షా మునిసిపాలిటీలో ఇరవై ఆరేళ్లు పెయింటరుగా పనిచేశాడు. అందులో పదకొండేళ్లు అతనూ నేనూ ఒకే ముఠాలో పక్కపక్కనే నిచ్చెనలెక్కాం. కాబట్టి అతని గురించి చెప్పే హక్కు నాకుంది. ఊళ్లో మునిసిపాలిటీ కట్టించి అద్దెకిచ్చిన ఇళ్లు రెండు వేల పైచిలుకు. వాటి తలుపులకీ కిటికీలకీ ఐదేళ్లకోసారి రంగు వెయ్యడం మా ఎనిమిదిమంది పని. ఆ చివర పూర్తయ్యేసరికి ఈ చివర పెచ్చులు లేచేవి. రంగు ఎప్పుడూ ఒకటే, ఆకుపచ్చ. ఏం రంగు కావాలని ఇంట్లో ఉన్నవాళ్లని అడిగే పద్ధతి లేదు.

యార్క్‌షైర్‌లో మా వైపు, జీతం తీసుకునే కూలివాడు కన్సర్వేటివ్ పార్టీకి ఓటేశాడంటే జనం వింతగా చూసేవారు. విల్ఫ్ ఓటేసి ఊరుకునే రకం కాదు. నిచ్చెన మీద నించుని ఆ పార్టీ నాయకురాలు థాచర్ తరఫున ఉపన్యాసాలిచ్చేవాడు. యూనియన్ ప్రతినిధినైన నేను కింద రంగు కలుపుతూ అవన్నీ వినాలి.

"మా అమ్మ పొయ్యిగూటి మీద నాలుగు డబ్బాలు పెట్టేది," అనేవాడు. "అద్దెకొకటి, బొగ్గుకొకటి, అట్లా. ఒక డబ్బాలోది ఇంకో డబ్బాలోకి మార్చామా, వీపు చిట్లిపోయేది. థాచర్ చెప్పేదీ అంతేగా. లేని డబ్బు ఖర్చుపెట్టకు. దేశమైనా ఇల్లే కదరా."

"మీ అమ్మకి రైళ్లూ ఆసుపత్రులూ ఉన్నాయేంట్రా నడపడానికి?"

"ఉంటే వీళ్లకన్నా బాగానే నడిపేది."

ఇలాంటి జవాబులతో అతను నన్ను చాలాసార్లు నోరు మూయించాడు. ఇప్పటికీ కొన్నింటికి నాకు ఎదురు సమాధానం దొరకలేదు, ఒప్పుకుంటాను. మనిషి తన కాళ్ల మీద తను నిలబడాలి, సంపాదించిందాంట్లో పన్ను తక్కువ పోవాలి, యూనియన్లు దేశం పీక మీద కూచోకూడదు, ఎవడు బాగా చౌకగా చేస్తాడో పని వాడికే దక్కాలి. ఇదీ అతని మతం. అద్దెకున్న ఇల్లు కొనుక్కోవచ్చని ఎనభైలో చట్టం రాగానే, మా వీధిలో అందరికంటే ముందు కొన్నది అతనే. ఆ తర్వాత నెల్లాళ్లపాటు మేమంతా అతన్ని "జమీందారుగారూ, టీ తాగుతారా" అని పిలిచాం. తాగేవాడు కూడా.

తర్వాత ఆ థాచర్ ప్రభుత్వమే మా మీదకి వచ్చింది. కొత్త రూలు ప్రకారం మునిసిపాలిటీ తన పనివాళ్లకే నేరుగా పని ఇచ్చుకోకూడదు, బయట కంపెనీలతో పాటు వాళ్లూ టెండరు వెయ్యాలి, తక్కువకి చేసేవాడికే పని. ఓడితే మా ముఠా రద్దు. విల్ఫ్ పెద్ద పెయింటరు కాబట్టి మా టెండరు తయారుచేసే పని అతని నెత్తిన పడింది.

ఒక తలుపుకి ఎన్ని నిమిషాలు పడుతుందనేదాని మీదే ధర అంతా ఆధారపడుతుంది, టెండరులో రాసేదీ ఆ అంకే. మా బోనసు లెక్కగట్టే కాగితాల్లో తలుపుకి తొంభై నిమిషాలని ఉండేది. ఆ తొంభై ఏ మహానుభావుడు రాశాడో తెలీదు గానీ, అందులో టీ ఉంది, పేకాట ఉంది, గుర్రప్పందేల పేపరు ఉంది. విల్ఫ్ తన భార్య నోరీన్ దగ్గర్నించి, గుడ్లుడకబెట్టేటప్పుడు నిమిషాలు చూసుకునే గంట తెచ్చి కిటికీ మీద పెట్టి, వారం రోజులు మా ఒక్కొక్కడి పనీ కొలిచాడు. చివరికి యాభై రెండు అని తేల్చాడు.

"యాభై రెండుకి చేస్తే నడుములు పడిపోతాయి," అన్నాను.

"నిన్న నువ్వు నలభై తొమ్మిదికి చేశావు డెన్నిస్. రాసుకున్న లెక్క చూపించనా?"

టెండరు కవర్లు ఇవ్వడానికి గడువు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు. ఇచ్చిన కవరు వెనక్కి తీసుకుని మార్చుకోవాలన్నా అప్పటిదాకా వీలుంది. గురువారం మధ్యాహ్నం హౌసింగ్ కమిటీ పెద్ద, లేబర్ పార్టీ కౌన్సిలరు మిజ్లీ మా షెడ్డుకి వచ్చాడు. మడిచిన చీటీ ఒకటి విల్ఫ్ ముందు పెట్టాడు.

"లీడ్స్ కంపెనీవాళ్ల కవరు వచ్చింది. సరిగ్గా అంటుకోలేదు పాపం. వాళ్ల అంకె ఇది. దానికంటే ఒక నిమిషం తక్కువ రాయి, చాలు."

విల్ఫ్ చీటీ విప్పలేదు. బ్రష్షుతో పక్కకి తోశాడు. "తీసుకెళ్లండి సార్. దొంగచూపు చూసి గెలిస్తే, ఇన్నేళ్లూ నేను వాగిందంతా ఏమైనట్టు?"

"ఎనిమిది కుటుంబాలయ్యా."

"తెలుసు. అందులో ఒకటి నాది."

మిజ్లీ కదల్లేదు. విల్ఫే లేచి చీటీని పొయ్యిలో వేశాడు. నా కళ్ల ముందే అది కాలిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. అతని మెడ పట్టుకుని ఉందును, మిగతావాళ్లు నన్ను లాగేశారు.

సాయంత్రం ఆరింటికల్లా పనివాళ్ల క్లబ్బులో ఉన్నాను. డామినోలు ఆడేవాళ్ల పక్కన నించుని మూడు గ్లాసుల బిట్టరు బీరు తాగి, వినేవాడికీ విననివాడికీ విల్ఫ్ సంగతంతా చెప్పాను. "గుడ్లుడకబెట్టే గంట పెట్టి యాభై రెండని రాశాడు వెధవ. అవతలివాడి అంకె చేతికొస్తే కాల్చిపారేశాడు!" అని అరిచాను. మా ఆవిడ అన్న స్టాన్ లంబ్ నాకు నాలుగో గ్లాసు కొనిచ్చి, భుజం తట్టి వెళ్లిపోయాడు. అతను అప్పటికి వారం రోజులుగా లీడ్స్ కంపెనీకి మేస్త్రీగా చేస్తున్నాడని మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

సోమవారం కవర్లు తెరిచారు. మాది యాభై రెండు. వాళ్లది యాభై ఒకటి.

విల్ఫ్ టోపీ తీసి, "తక్కువకి చేసేవాడికే పని. మనం ఓడాం," అన్నాడు. మా ఎనిమిదిమందిలో ఇద్దరికి ఆ తర్వాత మళ్లీ పని దొరకనేలేదు. విల్ఫ్ ఒక పాత వ్యాను కొనుక్కుని ఇళ్లలో గోడకాగితాలు అంటించుకుంటూ బతికాడు. ప్రతి ఎన్నికకీ తన పార్టీ నీలం బ్యాడ్జీ పెట్టుకుని నడిచి వెళ్లి ఓటేసి వచ్చేవాడు. అతను ఎదురొస్తే మేం రోడ్డుకి అవతలివైపుకి మారిపోయేవాళ్లం.

రెండేళ్ల తర్వాత క్రిస్మస్ విందులో స్టాన్ నా చెవిలో అన్నాడు: "నీ నోటి పుణ్యమే బావా. మేం ముందు యాభై ఎనిమిదని రాశాం. మర్నాడు పొద్దున్నే వెళ్లి కవరు మార్చుకున్నాం."

యాభై ఎనిమిది. చీటీ చూడకుండానే విల్ఫ్ గెలిచేవాడు. నిజాయితీగా, తను చెప్పిన పద్ధతిలోనే, ఆరు నిమిషాల తేడాతో. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా.

తొంభై ఎనిమిదిలో విల్ఫ్‌కి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. నోరీన్ కబురుపెడితే వెళ్లాను. కిటికీ దగ్గర కుర్చీలో కూచున్నాడు. మనిషి సగమైపోయాడు. థాచర్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

"ఒకటడుగుతాను డెన్నిస్. ఆ చీటీ చూసుంటే మీ అందరి పనులూ నిలబడేవి కదా? పదిహేనేళ్లుగా అదే నన్ను తినేస్తోంది. నేను చేసింది తప్పని కాదు. కానీ మీ కూడు తీశాను కదా."

చెప్పాల్సిన నిజం నాలుగు మాటలు. నాలిక చివరిదాకా వచ్చింది. నోరీన్ టీ కప్పులతో లోపలికొచ్చింది. నేను కప్పు అందుకుని, "పోనీలే విల్ఫ్," అన్నాను. "నిన్ను ఎప్పుడో క్షమించేశాం."

అతను నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "థాంక్స్ డెన్నిస్," అన్నాడు. "నువ్వు మంచివాడివి."