సరుకు చూడని తూకం

నా చిన్నప్పుడు ఆదివారం అంటే నాకు హడలు. మిగతా పిల్లలకి అది బడి లేని రోజు, నాకు మాత్రం తూకం రోజు. చింతాద్రిపేటలో మాది బియ్యం టోకు అంగడి. కింద అంగడి, మేడమీద కాపురం. ఆదివారం పొద్దున వీధి తలుపులు ఓరగా వేసి, మూటలు తూచే పెద్ద కాటా మీద మా నాన్న నన్ను నిలబెట్టేవాడు.

పదకొండేళ్ళకే నేను మా అమ్మంత లావుండేదాన్ని. నా సంగతిలో మా ఇంట్లో రెండు పార్టీలు. కిలోలు తగ్గితే పిల్ల బాగున్నట్టని నాన్న, కంచం ఖాళీ అయితే పిల్ల బాగున్నట్టని అమ్మ. తూకం పెరిగిన రోజు నాన్న నాకు రాత్రి అన్నం మాన్పించేవాడు. ఆయన అటు తిరగ్గానే అమ్మ పెరుగన్నం ముద్దలు కలిపి నా చేతిలో పెట్టేది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇద్దరికీ నేనంటే ప్రాణమే, ఆ మాట ఒప్పుకోవాలి.

వాళ్ళకి తెలియని సంగతి వేరే ఉంది. బళ్ళో ముగ్గురు కూర్చునే బెంచీ మీద నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని. చోటు చాలడం లేదని ఒక పిల్ల లేచిపోతే, రెండోది కూడా దాని వెనకే పోయింది. బియ్యం అంగడి వాళ్ళ అమ్మాయినని నాకు అరవంలో ‘అరిసి మూట్టై’ అని పేరు పెట్టారు, అంటే బియ్యం మూట. ఆటల వేళ అందరి చెప్పులకీ సంచులకీ నేనే కాపలా. ఇంటికొచ్చి చెప్పుకుందామా అంటే నాన్న కిలోల మాట ఎత్తేవాడు, అమ్మ ఒక అరిసె తెచ్చి నోట్లో పెట్టేది. కొన్నాళ్ళకి చెప్పడమే మానేశాను.

మా అంగట్లో తూకం చూసే ముసలాయన ఒకడుండేవాడు. నేను కాటా తాత అనేదాన్ని. కొత్త సరుకు వచ్చిందంటే మూటలోకి ఇనప గొట్టం గుచ్చి, పిడికెడు గింజలు తీసి, నాన్న అరచేతిలో పోసేవాడు. నాన్న వాటిని చూసి, వాసన పట్టి, ఒక గింజ కొరికి తలూపాకనే తాత తూకం పైకి పలికేవాడు. లారీ వాడు ఎంత గోల పెట్టినా ఆ వరస మారేది కాదు. అది మా ముత్తాత నాటి వాడుక, నాన్న కూడా దాన్ని దాటేవాడు కాదు.

ఒక ఆదివారం నేను మూటల సందులో దాక్కున్నాను. కాటా సరిచేయడానికి వచ్చిన తాత నన్ను చూశాడు, నా కళ్ళూ చూశాడు. ఈలోగా నాన్న పిలిచాడు. కళ్ళు తుడుచుకుని పోయి కాటా ఎక్కాను.

“ఎంతుండాది పెద్దాయనా?” అన్నాడు నాన్న.

తాత కాటా ముల్లు వైపు చూడనైనా లేదు. “సరుకు చూడకుండా మన అంగట్లో తూకం పలికే వాడుక లేదు కదా సామీ.”

నాన్న నవ్వాడు. తాత నవ్వలేదు. “ఆడ మూటల సందులో కూర్చోని ఏడస్తా ఉండింది పాప. లోపల ఏముండాదో ఎప్పుడన్నా అడిగినారా?”

నాన్న ముఖం ఎర్రబడింది. తాత పని ఊడిందనే అనుకున్నాను. కానీ నాన్న వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

“ఎట్లుండావమ్మా?”

ఆ మాట నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. నా కాళ్ళ వంక చూసుకుంటూ, “బళ్ళో నా పక్కన ఎవురూ కూర్చోరు నాయనా,” అన్నాను. ఆయన ఓదార్చలేదు, కిలోల మాట ఎత్తలేదు. నన్ను కూర్చోబెట్టి, తానూ వచ్చి ఆ కాటా పలక మీదే నా పక్కన కూర్చున్నాడు. ముల్లు ఎక్కడికో పోయి ఉంటుంది. ముగ్గురిలో ఎవరమూ చూడలేదు.

దానితో నా కష్టాలు తీరిపోలేదు. మరుసటి వారం మళ్ళీ కాటా ఎక్కాను. బెంచీ ఆ ఏడంతా ఖాళీగానే ఉంది. నాన్న ఆ ప్రశ్న మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడగడం ఆయనకి చేతకాలేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ప్రతి ఆదివారం అడుగుతాడేమోనని ఎదురుచూసేదాన్ని.

ఇప్పుడు మాధవరంలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. నా మనవరాలిది అచ్చం నా ఒళ్ళే. రోజూ పొద్దున్నే గాజు పలక లాంటి తూకం యంత్రం ఎక్కుతుంది, ఆ అంకె వాళ్ళ నాన్న ఫోనులోకి పోతుంది. ఒళ్ళు తగ్గాలని డాక్టరు చెప్పింది నిజమే, నా మోకాళ్ళే సాక్ష్యం. అయినా నేను ఆ అంకె చూడను. పిల్ల యంత్రం దిగగానే మంచం మీద కాస్త జరిగి చోటు చేసి, “ఎట్లుండావే?” అంటాను. ఇన్నాళ్ళూ అది “నల్లాదాన్ ఇరుక్కేన్ అవ్వా” అని, బాగానే ఉన్నానన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోయేది. నేను మర్నాడు మళ్ళీ అడిగేదాన్ని. మా నాన్న అడగని ఆదివారాలన్నీ నాలో మిగిలే ఉన్నాయి, నాకు తొందరేమీ లేదు.

మొన్న అది వెళ్ళిపోలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.