రోసాని ఎత్తుకోని నాన్న

మొన్న పక్కింటివాళ్లు లాన్‌కి మందు కొట్టిస్తుంటే, ఆ ఘాటు వాసనకి రోసా గుర్తొచ్చింది.

ఎనభైల్లో అమ్మ మిషిగన్‌లో పళ్లతోటల కూలీల క్లినిక్‌లో డాక్టర్. వేసవి సెలవుల్లో నన్నూ తీసుకెళ్లేది. అక్కడ నాకు దొరికిన ఫ్రెండ్ రోసా, మెక్సికో నుంచి వచ్చిన కూలీల పిల్ల.

ఓ సాయంత్రం వాళ్ల నాన్న యాపిల్ తోటలోంచి రాగానే రోసా ఎదురు పరిగెత్తింది. ఆయన "నో, నో!" అంటూ చేతులు వెనక్కి పెట్టుకుని దూరం జరిగాడు. రోసా ఏడ్చేసింది.

"అంకుల్‌కి రోసా అంటే ఇష్టం లేదా?" ఇంటికెళ్తూ కారులో అమ్మని అడిగాను.

"నేనే చెప్పానమ్మా, స్నానం చేసేదాకా పిల్లల్ని ఎత్తుకోవద్దని. ఆయన బట్టలనిండా పురుగుల మందే."

నాకింకా అయోమయంగానే ఉంది. "మరి అంకుల్‌కేం కాదా?"

అమ్మ రేడియో పెట్టింది. రోజంతా ఆ మందులోనే పనిచేసే మనిషికి ఏం జాగ్రత్త చెప్పాలో అమ్మకీ తెలియలేదని ఇప్పుడు అనిపిస్తుంది.