నాయనతో ఫగా వేట

మా నాయన ఇఖామా, అంటే కువైట్‌లో ఉండనిచ్చే పర్మిట్టు, ఆ మార్చితో అయిపోతోంది. ఇంకో రెండేళ్లు స్టాంపు కొట్టించుకోవడమా, ఊరికి పోవడమా అన్నది ఆ చలికాలమంతా మా ఇద్దరి మధ్య నలిగింది. ఆయన ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. నేను సాల్మియాలో ఒక క్లినిక్‌లో నర్సుని. ఆయన కుడి మోకాలికి ఎక్స్‌రే తీయించింది నేనే, అది చూసి చాలించమని చెప్పిందీ నేనే. ఆ ఇంటి యజమాని, ఆయన కఫీల్, మాత్రం "నీ ఇష్టం" అని ఊరుకున్నాడు. మంచి యజమానులతో ఇదే చిక్కు, నిర్ణయం మన నెత్తినే పెట్టేస్తారు.

నాయన ఎక్స్‌రేను నమ్మే రకం కాదు.

"ఫొటో చూసి కాలు సంగతి చెప్తారా ఎవురన్నా? ఫగాకు పోదాం పాపా. ఒక పూటంతా ఎడార్లో నడుచ్చా. కాలు మాట వింటే స్టాంపు కొట్టిచ్చుకుంటా. వినకపోతే నువ్వు చెప్పినట్టే, ఖలాస్" అన్నాడు.

వానలు బాగా పడిన ఏడాది ఎడారి నేల కింద ఊరే గడ్డను ఇక్కడ ఫగా అంటారు. చూడడానికి మట్టి అంటిన బంగాళాదుంప, జాతికి పుట్టగొడుగుకు చుట్టం. ఎవరూ నాటరు, వెతికి తవ్వుకోవాల్సిందే. కువైటీలు దాని కోసం పిల్లాజెల్లాతో ఎడారికి పోయి టెంట్లు వేస్తారు. ఏటా కఫీల్ ఇంటివాళ్లను తీసుకుపోయే మా నాయన బండి దగ్గరే కూర్చుని టీ కాచేవాడు. తానూ ఒకసారి వెతకాలన్న కోరిక ఆయనకు అన్నేళ్లుగా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక ప్లాను మొదలైంది. నేను డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే ఫోను మోగేది. "గుట్టలొద్దు, ఇసుక దిబ్బలొద్దు. పల్లం కావాల" అన్నాడు మొదటిరోజు. మోకాలి కోసం అనుకుని సంతోషించాను. కాదట. వాన నీళ్లు నిలిచేది పల్లంలోనే కాబట్టి ఫగా ఊరేదీ అక్కడేనట. వేటకు కావలసిన నేలా మోకాలికి కావలసిన నేలా ఒకటే అయినందుకు ఆయన సంబరం చూడాలి.

అయితే ఏ పల్లం? దానికి ఆయన పట్టిన దారి చూసి నాకు నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది. చలికాలం మొదట్లో పడే వానలే ఫగాను పుట్టిస్తాయంటారు. డ్రైవరుకు వాన అంటే మర్నాడు బండి కడగడం. ఏ దారిన పోయి వచ్చిన రోజు ఎంత బురద కడిగాడో ఆయనకు అంతా గుర్తుంది.

"జహ్రా పక్క పోయొచ్చిన నాడు ఉత్త దుమ్ము. వఫ్రా పక్క పోయొచ్చిన నాడు చూడాల, చక్రాల మింద బంకమన్ను గడ్డ కట్టుకోనింది. గీకినా రాలా. వాన పడింది ఆడనే పాపా."

అక్కడితో ఆగలేదు. పాత యుద్ధం నాటి మందుపాతరలు ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటాయని అందరికీ భయం. ఆ పక్క గొర్రెలు కాసే మా జిల్లా మనిషి నంబరు సంపాదించి, మంద రోజూ ఎక్కడ మేస్తుందో కనుక్కున్నాడు. "గొర్రెలు తిరిగిన జాగాలోనే మనమూ తిరగాల" అని తీర్మానించాడు. మా క్లినిక్‌లో ఏ పనికీ ఇంత ముందుచూపు నేను చూడలేదు.

నా వంతుగా మడత కుర్చీ, మోకాలి పట్టీ, నొప్పి మాత్ర సిద్ధం చేశాను. కుర్చీ "నువ్వు కూచునేదానికి" అని డిక్కీలో పెట్టించాడు. పట్టీ వేసుకున్నాడు. మాత్ర మాత్రం వెనక్కిచ్చేశాడు.

"అది మింగితే మాత్ర నడిచినట్టు, నేను నడిచినట్టు కాదు" అన్నాడు.

ఇద్దరికీ సెలవు దొరికిన శుక్రవారం ఎండ ముదరకముందే వఫ్రా దారిలో షుఐబా రిఫైనరీ పొగగొట్టాలు దాటాం. పొద్దుటెండ ఏటవాలుగా ఉంటేనే ఉబ్బిన నేలకు నీడ పడి ఫగా జాడ తెలుస్తుందట. నేను ఉత్సాహంగా తవ్విన మొదటి రెండు చోట్లా రాళ్లే వచ్చాయి. మూడోచోట ఏదో పురుగు సంసారం. నాయన తవ్వలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నింపాదిగా నడుస్తూ, చిన్న చిన్న మొక్కల చుట్టూ చూస్తూ పోయాడు. ఒకచోట ఆగాడు. పులిసిన పిండి పైపొరలా నేల కాస్త ఉబ్బి, సన్నగా చీలి ఉంది. కూర్చుని చుట్టూ పుల్లతో వదులు చేసి, వేళ్లతో తడిమి, చెక్కు చెదరకుండా గడ్డను పైకి తీశాడు. వాసన చూసి నా చేతిలో పెట్టాడు. తర్వాత ఆ గుంటలోకి మట్టి తోసి, అరచేత్తో చదును చేశాడు.

"మళ్లా యాడాదికి ఎవురికన్నా కావాల గదా" అన్నాడు.

ఎండ నెత్తికెక్కేదాకా తిరిగాం. సంచి సగం నిండింది. నేను ఫగా కంటే ఆయన నడకనే ఎక్కువ వెతికాను. కుంటలేదు, ఆయాసపడలేదు, ఒక్కసారి కూడా కుర్చీ అడగలేదు. నా వాదం ఓడిపోయింది. చిత్రంగా నాకు సంతోషమే వేసింది.

"గెలిచినావులే నాయనా. పోయి స్టాంపు కొట్టిచ్చుకో" అన్నాను.

ఆయన సంచి వెనక సీట్లో పెట్టి, డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి తాళాలు నా వైపు చాచాడు. కారు నాదే గానీ, ఆయన ఉండగా స్టీరింగు నా చేతికి ఎప్పుడూ రాలేదు.

"నువ్వు తోలు" అన్నాడు. "కడాకు దొరికిన గడ్డను తీసి లేచ్చాంటే కుడికాలు రాలేదు పాపా. నువ్వు ఆపక్కకు తిరిగి ఉండావు."

"ఎంతసేపు?"

"చానాసేపు కాదులే. బ్రేకు తొక్కేంత సేపు."

కఫీల్ పిల్లలను రోజూ బడికి తీసుకుపోయేది ఆయనే. నేను చూడలేదు, ఆయన చెప్పకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. పైగా గెలిచావని నేను ఒప్పుకున్నాక చెప్పాడు. ఈ మనిషి నా తండ్రి అని నాకు ఎంత గర్వంగా అనిపించిందో, అంత ఏడుపూ వచ్చింది. ఆయన మాత్రం పక్క సీట్లో కూర్చుని, వెంటనే కఫీల్‌కు ఫోన్ చేశాడు. వేరే డ్రైవరును చూసుకోమని, ఊరికి పోయేలోపు కొత్తవాడికి దారులన్నీ తానే చూపిస్తానని అరబ్బీలో నెమ్మదిగా చెప్పాడు.

హైవే ఎక్కిన కాసేపటికి ముందున్న లారీ ఒక్కసారిగా నెమ్మదించింది. నేను బ్రేకు తొక్కేలోపే, పక్కన ఆయన కుడికాలు కింద మ్యాటును గట్టిగా తొక్కిపట్టింది. నేనూ తొక్కి బండి నెమ్మదించాక ఇద్దరం ఆ కాలి వైపే చూశాం.

"ఇప్పుడొచ్చె చూడు, దొంగ కాలు" అన్నాడు నాయన.