ఉనైజాలో మట్టి మేడ

నిన్న మా అబ్బాయి ఫోన్లో చూపించిన వార్త మీకు చెప్పేదాకా నాకు మనసు నిలవడం లేదు. సౌదీలో, ఉనైజా ఊళ్లో నేను మొదటి ఉద్యోగం చేసిన ఆ పాత మట్టి మేడను బాగుచేసి, జనం చూడ్డానికి తెరిచారట.

మా ఇంటావంటా డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటేడు, సివిల్ ఇంజనీరు పట్టాను పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకుని వెళ్లాను, ఎవరడిగినా చప్పున తీసి చూపించొచ్చని. ఒక్కరూ అడగలేదనుకోండి.

నాకు వీసా ఇచ్చి పిలిపించుకున్న యజమాని, అక్కడి మాటలో కఫీల్, వాళ్ల తాత ఖర్జూరం వ్యాపారంలో గడించి కట్టించిన రెండంతస్తుల మేడ అది. కఫీల్ తల్లి కొత్తకోడలిగా అడుగుపెట్టిందీ, యుద్ధమప్పుడు కువైట్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన చుట్టాలకు వండి పెట్టిందీ అందులోనే. కొడుక్కేమో దాన్ని కూల్చి దుకాణాలు కట్టాలని. ఆవిడ బతిమాలితే, ఈ చలికాలం వానలకు నిలిస్తే ఉంచుతాననీ, లేదంటే బుల్డోజరేననీ చెప్పి, మరమ్మతు నాకప్పగించాడు.

నా పుస్తకాల్లో మట్టిగోడ ఊసే లేదు కాబట్టి, పగుళ్లిచ్చిన ఉత్తరపు గోడకు దర్జాగా సిమెంటు పూయించాను. మొదటి వానకే లోపలికి దిగిన నీరు బయటికి రాలేక, పూత పెచ్చులుగా ఊడి సగం గోడను వెంట లాక్కుపోయింది. పెద్దావిడ వచ్చి చూసి, నాకు ఏలకుల కాఫీ పోయించింది. తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

అప్పుడు మా జగిత్యాల వైపు మేస్త్రి మెల్లగా అడిగాడు.

"ఏం సారు, మీ ఇంట్ల మట్టిగోడలు లేకుండెనా?"

"మా బాపు కట్టేటియి గవే."

"మరింకేంది, పాంటు మీదికి మడవుండ్రి."

గడ్డి కలిపి మురగబెట్టిన మట్టిని ఇద్దరం వారం రోజులు తొక్కి, కూలిన గోడను దానితోనే మళ్లీ పెట్టాం. ఎంత తడి ఉండాలో మా బాపు అరికాలితోనే చెప్పేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన తొక్కిన నా కాళ్లకు అది ఇంకా గుర్తుంది. ఆ చలికాలమంతా వాన వెలిసినప్పుడల్లా పరుగెత్తి గోడను తడిమి చూసేవాణ్ణి. నిలిచింది. కఫీల్ మాట తప్పలేదు.

మరుసటి సెలవుకు ఇంటికొచ్చి, బాపు కట్టిన మట్టిల్లు తీయించి సిమెంటుది కట్టించాను. ఆయన అడ్డు చెప్పకపోగా, కొడుకు ఇంజనీరని మురిసిపోతూ మొదటి గునపం తనే వేశాడు. ఇప్పుడు మా ఊళ్లో మట్టిగోడ పెట్టడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను, పెట్టమని అడిగేవాళ్లే లేరు.