బొమ్మలో లేని పట్టీ

పాడేరులోని కాఫీ కొనుగోలు ఆఫీసులో కంప్యూటర్ పనికి చేరిన కొత్తలో నాకు బాగా దగ్గరైన మనిషి, పక్క బల్ల దగ్గర ఫోన్లు చేసే అక్క. ఆమెది గూడెం కొత్తవీధి వైపు కొండ ఊరు. కాఫీ పండ్లు కోతకొచ్చాక ఏ ఊరికి ఏ రోజు జీపు వస్తుందో రైతులకు చెప్పడం ఆమె పని. విషయం చెప్పి పెట్టేసేది కాదు. ఒకరి మోకాలి నొప్పి, ఇంకొకరి కోడలి కాన్పు అడిగి గాని వదిలేది కాదు.

ఆఫీసు పనుల్లో కొన్ని కంప్యూటరే చేసుకునేలా మారుస్తామని విశాఖ నుంచి ఒకాయన వచ్చాడు. ముందు ఇప్పటి ఆఫీసు పని మొత్తం బొమ్మగా గీసి గోడకు అంటించాడు. నాకు తల తిరిగింది. ఆయనే ఓపిగ్గా చెప్పాడు. సన్న గుండ్రం మొదలు, మందపు గుండ్రం ముగింపు. పెట్టె అంటే ఒక పని. డైమండ్ గుర్తు దగ్గర ప్రశ్న ఉంటుంది, జవాబును బట్టి దారి చీలుతుంది. అడ్డంగా ఉన్న ఒక్కో పట్టీ ఒక్కో మనిషిది, కంప్యూటర్‌కూ ఒకటి. పెట్టెలో మర చక్రం ఉంటే ఆ పని కంప్యూటర్ దానంతట అదే చేస్తుంది.

అక్క తనకూ నేర్పమంది. అన్నాలు తిన్నాక గోడ దగ్గర నిలబడి గీతల వెంట వేలు నడిపించేవాళ్ళం. పండు సరిగ్గా పండిందా అన్న ప్రశ్న దగ్గర ఆగి ఆమె నవ్వింది.

"ఇంతేనేటి? మనం సేత్తన్నదే కదా సెల్లీ."

కొన్నాళ్ళకు, మారబోయే పద్ధతి బొమ్మ కూడా గోడకెక్కింది. అప్పటికి ఆమెకు నా సాయం అక్కర్లేదు. మొదటి గుండ్రం నుంచి చివరిదాకా వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళింది. మళ్ళీ మొదటికి వచ్చింది.

"నా పట్టీ ఏది సెల్లీ?"

'రైతుకు కబురు' అన్న పెట్టె కంప్యూటర్ పట్టీలో ఉంది, చక్రం గుర్తుతో. నేను చూపించేలోపే ఆమె వేలు అక్కడ ఆగింది. ఇంకేదో పని ఇస్తారులే అన్నాను. అలాగని నాకెవరూ చెప్పలేదు.

"బాగానే గీసినారు," అంది. వెళ్ళి తన కుర్చీలో కూర్చుని, ఆ పూట చేయాల్సిన ఫోన్లు చేసింది.

కోతలయ్యాక ఆమెను మాన్పించారు. ఊళ్ళో సొంత కాఫీ తోట, రాగి చేను చూసుకుంటోంది. పోయిన చలికాలం సంతలో కనిపించినప్పుడు, జీపు మెసేజ్‌లు సరిగ్గా వస్తున్నాయా అని అడిగాను.

"వత్తన్నాయి. తిరిగి ఏటైనా అడుగుదామంటే అవతల ఎవులూ లేరు గదా," అంది.

ఇప్పుడు కొత్తవాళ్ళకు ఆ బొమ్మలు చదవడం నేనే నేర్పుతున్నాను. ఆమెకు నేర్పకపోయి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఎలాగూ తెలిసేదే. కానీ ఎవరో ఒకరు పిలిచి, కూర్చోబెట్టి చెప్పి ఉండేవారు. అందరి ముందూ గోడ మీద తనను తాను వెతుక్కోవాల్సి వచ్చేది కాదు.