డాక్టరు గొంతు తర్వాత వచ్చే పాట

మా రాక్ బ్యాండు తెచ్చినవి రెండే క్యాసెట్లు. మొదటిది అమ్ముడుపోయింది. రెండోది మేం ప్రాణం పెట్టి చేశాం.

మొదటిదాంట్లో గోల తప్ప ఏమీ లేదు. అయినా లింగంపల్లి స్టేషన్ దగ్గరి క్యాసెట్ల దుకాణం ఆయన అడిగి మరీ తెప్పించుకున్నాడు. ఆ ఊపులో రెండోది చేశాం, ఒక్కో పాటకు వారాల తరబడి కూర్చుని. కాకిపిల్ల కాకికి ముద్దు అనుకోండి, నాకు మాత్రం అదే బాగుండేది. దుకాణం ఆయన పెట్టెలు తిప్పి పంపాడు. "గిసొంటియి ఎవరు కొంటరు? మొదటిదాని లెక్క చెయ్యుండ్రి జర," అన్నాడు.

కొత్తగూడలో నా కిరాయి గదిలో ఆ అట్టపెట్టెలే మంచమయ్యాయి. చుట్టూ బండలు పగలగొట్టి అద్దాల మేడలు కడుతున్నారు. బ్యాండులో వాళ్లంతా కంప్యూటర్ కోర్సుల్లో చేరారు. నేను ఒక ట్రైనింగ్ సెంటర్లో పాఠాలు చెప్పడానికి కుదిరాను. అమెరికా డాక్టర్లు చెప్పింది విని టైపు చెయ్యడం అక్కడి చదువు. ఇంట్లో వినడానికి నేర్చుకునేవాళ్లందరికీ క్యాసెట్లు కావాలి. మా గాయకుడే, "ఎన్ని దినాలు పండుతవ్‌రా వాటి మీద? ఇచ్చెయ్, పీడ పోతది," అన్నాడు.

పాటలు చెరిగిపోకుండా క్యాసెట్ల వీపున విరిచిన చోట కాగితం అంటించి, ఒక్కటీ మిగల్చకుండా మా పాటల మీద డాక్టరు గొంతు ఎక్కించాను. నా చేత్తోనే. పన్ను పీకించుకునేటప్పటిలా, త్వరగా అయిపోతే చాలనిపించింది.

నెల తిరక్కుండానే క్లాసులో ఒకామె లేచింది. గుంటూరు వైపు నర్సు. "సార్, డాక్టరు గారు ఆపేశాక ఒక పాటొస్తుందండి, సగం నుంచి. దాని మొదలు ఎలా ఉంటుందండి?"

ఇంకెవరైనా విన్నారా అని అడిగాను. క్లాసంతా చేతులెత్తింది. కొందరు ఆ పాట కోసమే పాఠం చివరిదాకా వింటున్నారట. గర్వం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. పాట ఎవరిదో చెప్పకుండా, రేపు తెస్తానన్నాను.

సాయంత్రం రూపాయి ఫోన్ దగ్గర నిలబడి, గాయకుడు తప్ప బ్యాండులో మిగతా ముగ్గురినీ రెండో క్యాసెట్ ఒక్కటైనా ఉందా అని అడిగాను. ప్రతివాడూ ఇంకొకడి దగ్గర ఉంటుందనుకున్నాడు. స్టూడియోలో మా అసలు టేపు మీద ఎప్పుడో భజనలు ఎక్కాయట. చివరికి మిగిలింది గాయకుడు.

"నా తాన కూడ లేదురా," అన్నాడు. "ఎట్ల మొదలైతుండె అది?" అని నన్నే అడిగాడు.

పాట మొదట్లో నేను గిటారు మీద వాయించిన ముక్క ఫోన్లో నోటితో వినిపించాను. మాటలు ఇద్దరికీ గుర్తు రాలేదు.